తలుపుకి లోపలి వైపు

"అమ్మాయ్! పదివేలు దాటేశారే!"

అత్తగారి కేకకు రచయిత్రి చేతిలోని పాలగిన్నె కాస్తయితే జారిపోయేదే. పొయ్యి కట్టేసి, తడి చేతులు కొంగుకు తుడుచుకుంటూ ముందుగదిలోకి పరిగెత్తింది. అత్తగారు సోఫాలో కాళ్ళు ముడుచుకుని, ఫోను ముక్కుకు జానెడు దూరంలో పట్టుకుని కూర్చుంది. కన్నకూతురికి పరీక్షలో ఫస్టొచ్చినట్టు ఆ మొహం వెలిగిపోతోంది.

"నిన్న చూసినప్పుడు మొరాయించిన బండిలా ఎక్కడో ఆగిపోయి ఉంది. తెల్లారేసరికి ఎక్కణ్ణించి ఊడిపడ్డారో ఇంతమంది!"

"కళ్ళజోడు పెట్టుకుని చూడండి అత్తయ్యా. మీరు సున్నాలు ఎక్కువ లెక్కపెడతారు."

"కళ్ళజోళ్ళ షాపులో పనిచేసేదానివి నువ్వు, నాకు మాత్రం ఎప్పటివో పాత అద్దాలు! ఆ సంగతి తర్వాత తేల్చుకుందాం. ముందిది చూడు."

చూసింది. నిజమే. 'చత్వారం' అనే తన పేజీలో పదివేల మంది ఉన్నారు. ఆ పేరు తనే సరదాకి పెట్టుకుంది. రోజంతా చత్వారం వచ్చినవాళ్ళకు అద్దాలు అమర్చే మనిషి, తను రాసిన ముక్కలు పెట్టుకునే చోటుకు ఇంకేం పేరు పెడుతుంది? 'మూడో అంతస్తు కిటికీ' నవల అచ్చయిన కొత్తలో ఆ పేజీలో ఉన్నది చుట్టాలూ, షాపువాళ్ళూ, కళ్ళడాక్టరు అనుకుని పొరపాటున చేరిన కొందరూను. ఇప్పుడేమో, ఆ నవలలో చెల్లెలు వానలో తడుస్తూ, పెద్దక్క ఎంతకీ తీయని తలుపును కొట్టే ఘట్టాన్ని జనం గొంతెత్తి చదివి, వీడియో తీసి పంపుతున్నారు. ఒకావిడైతే అందులోని రెండు వాక్యాలను దిండు గలీబు మీద ఎర్రదారంతో కుట్టి ఫొటో పెట్టింది.

ఇదంతా చాలావరకు కెప్టెన్ చలవ. అతను డ్రైవింగ్ స్కూల్లో కారు నేర్పే మనిషి. రచయిత్రి అతన్ని ఒక్కసారి కూడా ఎదురుగా చూడలేదు. నవల చదివిన వారానికే 'కిటికీ సైన్యం' అని ఒక గుంపు కట్టాడు. సైన్యమన్నాక నాయకుడుండాలి కదా, జనమే అతన్ని కెప్టెన్ అన్నారు. ఆ పొద్దున అతని గొంతు ఫోనులోంచి ఖంగుమంది.

"అక్కా, పదివేలు కొట్టేశాం! ఈ ఆదివారం సాయంత్రం మీరు లైవ్‌లోకి రావాల్సిందే. వానలో తలుపు కొట్టే ఘట్టం మీ నోటితో మీరే చదవాలి. మనవాళ్ళు ఊగిపోతున్నారు!"

"అయ్య బాబోయ్, లైవే?" అంది రచయిత్రి. కానీ గుండె అప్పటికే దడదడలాడుతోంది. ఆ దడలో భయం పావలా అయితే ఆనందం ముప్పావలా.

"ఏ చీర కడతావో ఇప్పుడే చెప్పు" అంది అత్తగారు.

*

మర్నాడు మధ్యాహ్నం పేజీలో ఒక సమీక్ష వచ్చింది.

షాపు వెనకగదిలో ఆమె ఒక కొత్త అద్దం అంచు అరగదీస్తోంది. ఫ్రేములో బిగుతుగా కూర్చోవాలి, అలాగని ఒత్తుకుని పగలకూడదు. సానచక్రం మీద నీళ్ళు చిమ్ముతుంటే అద్దాన్ని రెండు వేళ్ళతో తిప్పుతూ, మధ్యమధ్య వెలుతురుకు ఎత్తి చూసుకుంటూ, ఆ పనిలో ఆమె చెయ్యి దానంతటదే పోతూ ఉంటుంది. పక్కన స్టూలు మీద ఫోను వెలిగింది. కళ్ళు అటు తిప్పింది.

రాసినావిడ పేరు 'తీరికలేని పాఠకురాలు'. ఫొటో లేదు, ఒక పూలకుండీ బొమ్మ ఉంది.

"'మూడో అంతస్తు కిటికీ' చదివాను. భాష బాగుంది. బజారు ఘట్టం చాలా బాగుంది. పెద్దక్క విషయంలో మాత్రం నా మనసు ఒప్పుకోలేదు. చెల్లెలు వానలో తలుపు కొడుతుంటే రచయిత్రి గారు ఆమె పక్కనే నిలబడి చినుకు చినుకునూ చెప్పారు. తలుపుకి లోపలి వైపు కూడా ఒక మనిషి ఉంది. ఆ మనిషి ఏడుస్తోందో, కూలబడిందో, గడియ మీద వేసిన చెయ్యి వెనక్కి తీసుకుందో, ఒక్కసారైనా తొంగి చూడలేదు. చెడ్డదాన్ని ఒకర్ని తయారుచేసి పెట్టుకుంటే మంచివాళ్ళ మీద జాలి పుట్టించడం తేలిక. ఇంత బాగా రాయగలిగినావిడ తేలిక పని ఎందుకు చేశారో తెలియలేదు. రెండు నక్షత్రాలు."

చక్రం కీచుమంది. అద్దం అంచున చిన్న పెచ్చు లేచిపోయింది.

"ఏమైందమ్మా?" ముందునుంచి ఓనరు అడిగాడు.

"ఏం లేదు సార్. అద్దం ఒకటి దండగైంది."

మళ్ళీ చదివింది. ఒళ్ళు మండింది. పదివేల మందికి నచ్చింది ఈవిడకి నచ్చదేం? ఏడుస్తోందో కూలబడిందో ఈవిడకెందుకు? అంత ఉబలాటమైతే ఈవిడే రాసుకోవచ్చుగా? తిడుతూనే ఉంది గానీ లోపల ఎక్కడో, చెప్పులోకి దూరిన రాయిలా ఏదో గుచ్చుకుంది. దాన్ని పట్టించుకోకుండా ఉండటానికి ఇంకాస్త గట్టిగా తిట్టుకుంది.

అంతలో కింద కెప్టెన్ వ్యాఖ్య పడింది. "ఈవిడకి కళ్ళజోడు అర్జెంటు. అక్కా, మన షాపులో ఏమైనా డిస్కౌంటు ఉందా?"

రచయిత్రికి ఫక్కున నవ్వొచ్చింది. మంట మీద నీళ్ళు చల్లినట్టయింది. తడి వేలితోనే ఆ వ్యాఖ్య కింద ఉన్న ఎర్ర గుండె బొమ్మను నొక్కింది. ఒక్క అక్షరం కూడా రాయలేదు. ఫోను పక్కన పడేసి ఇంకో అద్దం తీసుకుంది.

*

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి అత్తగారు గుమ్మంలోనే ఎదురైంది.

"ఎవరే ఆ రెండు నక్షత్రాల మనిషి? మనవాళ్ళు ఉతికి ఆరేస్తున్నారు! రా, నీకు చదివి వినిపిస్తా."

కెప్టెన్ రచయిత్రి నొక్కిన గుండెను ఫొటో తీసి, "అక్క ఆశీర్వాదం దొరికింది!" అని గుంపులో పెట్టాడట. ఇంకేముంది, తలా ఒక రాయి విసిరారు. ఆవిడకి 'పెద్దక్క' అని పేరు పెట్టారు. ఇంట్లో ఎవరికీ తలుపు తీయని మొహమన్నారు. తీరిక లేకపోతే చదవడమెందుకన్నారు. మధ్యలో ఎవరో పళ్ళికిలిస్తున్న గాడిద బొమ్మ ఒకటి పెట్టారు.

"ఆ గాడిద నాదే" అంది అత్తగారు గర్వంగా.

"అత్తయ్యా!"

"ఏం? నేను ఆవిడనేమీ అనలేదే. ఊరికే ఒక గాడిద బొమ్మ, అంతే."

రచయిత్రి నవ్వింది. ఆ పూటా, మర్నాడూ కూడా నవ్వింది. నవ్వుతో పాటు జనమూ పెరిగారు. ఎప్పుడు చూసినా వ్యాఖ్యలు వాననీళ్ళలా పారుతున్నాయి. ఆదివారం లైవ్‌కి ఎంతమంది వస్తారో అని గుంపులో పందేలు నడుస్తున్నాయి. భర్త డ్యూటీనుంచి వచ్చి, "మన ఇంట్లో ఉన్నది మామూలు మనిషి కాదన్నమాట" అని ఆటపట్టించాడు. అన్నం కలుపుతూ కూడా ఆమె ఎడమచేత్తో ఫోను తెర తోసుకుంటూ కూర్చుంది.

గురువారం ఒక స్కూలు మాస్టారు, తన కళ్ళజోడు ఒక చెవి మీద ఎక్కువ నొక్కుతోందని షాపుకు వచ్చాడు. రచయిత్రి కళ్ళజోడు కాడను వేడిగాలి యంత్రం ముందు పట్టుకుని, మెత్తబడ్డాక బొటనవేలితో కొద్దికొద్దిగా వంచుతోంది. కెప్టెన్ నుంచి సందేశం వచ్చింది.

"అక్కా, దొరికింది! ఆ పెద్దక్కకి మొక్కల నర్సరీ ఉంది. ఫొటోలు చూసి కనిపెట్టాం. మనవాళ్ళందరూ వెళ్ళి రేటింగ్ కొట్టారు. ఐదులో ఉన్నదాన్ని రెండుకి దించాం. మనకి రెండిచ్చింది కదా, మనమూ రెండే ఇచ్చాం!"

కింద ఆ నర్సరీ పేజీ ఉంది. తెరిచింది. 'కొన్న వారానికే అన్నీ చచ్చాయి.' 'ఓనరు నోరు చేదు, వేపమొక్కలు మాత్రం బాగుంటాయి.' 'గులాబీకి కూడా పురుగే, మనిషికి కూడా పురుగే.' రాసినవాళ్ళ పేర్లు ఆమెకు కొట్టినపిండి. దిండు గలీబు కుట్టినావిడ కూడా ఉంది. వీళ్ళలో ఒక్కరు కూడా ఆ నర్సరీ గేటు చూసి ఉండరు.

అన్నిటికన్నా పైన నర్సరీవాళ్ళ జవాబు ఒకటుంది. "అయ్యా, మీరు మా దగ్గర ఏ మొక్క కొన్నారో చెబితే మార్చి ఇస్తాం." దాని కింద నవ్వే బొమ్మలు వరసగా ఉన్నాయి.

"అమ్మా, కాలుతోంది" అన్నాడు మాస్టారు.

ఫ్రేము ఆమె చేతిలో వంగాల్సిన దానికన్నా ఎక్కువ వంగిపోయింది.

"క్షమించండి మాస్టారూ. మళ్ళీ సరిచేస్తాను." వంచిన కాడను మళ్ళీ వేడిగాలి ముందు పట్టి నిలబెట్టింది. ఆ రాళ్ళన్నిటికన్నా ముందు విసిరింది తనే. రాయి కూడా కాదు, గుండె బొమ్మ.

*

శుక్రవారం మధ్యాహ్నం సెలవు పెట్టి బస్సెక్కింది. నర్సరీ ఊరి చివర, పెద్దరోడ్డు పక్కన ఉంది. ఆకుపచ్చ వల కింద కుండీల వరసలు, తడి మట్టి వాసన. ఒకతను మొహం గంటు పెట్టుకుని పైపుతో నీళ్ళు పెడుతున్నాడు. యాభై దాటిన ఒకావిడ కింద కూర్చుని, నల్లటి సంచుల్లో మట్టి నింపి, నారు ఒక్కొక్కటే నాటుతోంది. రెండు వేళ్ళతో గుంత చేసి, వేరు మడత పడకుండా దించి, చుట్టూ అదిమి, సంచిని నేలమీద ఒకసారి తట్టి పక్కన పెడుతోంది.

"ఏ మొక్క కావాలమ్మా?" తలెత్తకుండానే అడిగింది.

"మొక్క కోసం కాదండీ. నేను..."

ఆవిడ తలెత్తింది. కాసేపు చూసింది. "తెలుసు. పుస్తకం వెనక అట్ట మీద ఉన్నారు. అందులో కాస్త బాగున్నారు."

నవ్వాలో ఏడవాలో రచయిత్రికి తెలియలేదు. బోర్లించిన కుండీ మీద తనే కూర్చుంది.

"సారీ చెప్పడానికి వచ్చానండీ."

"దేనికి? మొక్కలు చచ్చాయని మీరు రాయలేదుగా."

"రాయలేదు. కానీ మొదటిరోజు ఒకటి నొక్కాను."

"గుండె" అంది ఆవిడ. ఇంకో సంచి అందుకుంది. "చూశాను. మిగతావాళ్ళదేముంది, అంటారు, పోతారు. అది చూశాక మాత్రం నాకు అన్నం సయించలేదు. ఆ నాలుగు మాటలు రాయడానికి ఎంతసేపు కూర్చున్నానో! మళ్ళీ మళ్ళీ కొట్టేసి రాశాను, మీకు పనికొస్తుందేమో అని." నీళ్ళు పెడుతున్నతని వైపు గడ్డంతో చూపించింది. "వాడు మా తమ్ముడు. నర్సరీ ఇద్దరిదీ. నా నోటిదూల వల్ల కొంప మునిగిందని నాతో మాట్లాడటం లేదు."

"క్షమించండి."

"నాకు చెబితే నాకొక్కదానికే వినపడుతుంది. మీరు నవ్వింది అందరి ముందూ కదా."

అందులో కోపం లేదు. ఈ మొక్కకు నీడ పనికిరాదు అని చెప్పినంత మామూలుగా చెప్పింది. రచయిత్రి కుండీని ఇంకాస్త దగ్గరికి జరుపుకుంది.

"ఆదివారం లైవ్ ఉంది. మీరు రాసింది అక్కడ చదువుతాను. మీకు అభ్యంతరమా?"

"చదవండి. నా పేరు వద్దు. నర్సరీ పేరూ వద్దు. జాలిపడి మొక్కలు కొనేవాళ్ళు వాటికి నీళ్ళు పొయ్యరు."

లేవబోయిన రచయిత్రి ఆగింది. మూడు రోజులుగా చెప్పులో గుచ్చుకుంటున్న రాయి ఇప్పుడు నాలుక మీదికి వచ్చింది. "ఇంతకీ, తలుపుకి లోపల ఆవిడ ఏం చేస్తూ ఉంటుందంటారు?"

"నన్నడుగుతారేం? రాసింది మీరు. నేను చదివేదాన్ని."

"మరి రెండు నక్షత్రాలైనా ఎందుకిచ్చారు?"

ఆవిడ మొదటిసారి నవ్వింది. "ఒకటి బజారు ఘట్టానికి. ఇంకోటి, చివరిదాకా చదివించారు కాబట్టి. చాలా పుస్తకాలు నేను సగంలోనే వదిలేస్తాను."

తిరుగు బస్సులో రచయిత్రికి కూర్చునే చోటు దొరకలేదు. కడ్డీ పట్టుకుని ఊగుతూ నిలబడింది. పక్కవాళ్ళ మోచేతులు పొడుస్తున్నా తెలియలేదు. తను రాసిన ఆ తలుపు కళ్ళకు కట్టినట్టు కనిపిస్తోంది. ఇంతకాలం అటు రంగు వేసిన వైపే చూసింది. ఇటువైపు ఏముంది? గడియ ఎంత ఎత్తులో ఉంది? తలుపు చప్పుడయ్యేటప్పటికి ఆవిడ ఏం పని మీద ఉంది? పిండి కలుపుతోందా? దిగాల్సిన చోటు దాటి రెండు స్టాపులు వెళ్ళిపోయాక గానీ ఈ లోకంలోకి రాలేదు.

*

ఆదివారం అత్తగారు పొద్దుటినుంచి సోఫాను అటూ ఇటూ నాలుగుసార్లు జరిపించింది. కిటికీకి కొత్త తెర కట్టింది. ఫోనును పుస్తకాల దొంతర మీద నిలబెట్టారు. సాయంత్రం కెప్టెన్ ఫోన్ చేశాడు.

"అక్కా, జనం అప్పుడే వచ్చేస్తున్నారు! వాన ఘట్టంతో మొదలుపెట్టేయండి."

"ముందు ఆ రెండు నక్షత్రాల సమీక్ష చదువుతాను తమ్ముడూ."

"అదెందుకక్కా? అది చదివితే మనం ఓడిపోయినట్టు."

"ఎవరి మీద ఓడిపోతాం?"

"ఆవిడ మీద! ఇన్నాళ్ళూ మీకోసం కొట్లాడింది మేమే కదా. రేపు మొహం ఎక్కడ పెట్టుకోను?"

"నాకోసమే కొట్లాడావు, కాదనను. కానీ నువ్వు కొట్టిన మనిషి నా పుస్తకాన్ని మనందరికన్నా శ్రద్ధగా చదివింది."

అతను ఫోన్ పెట్టేశాడు.

లైవ్ మొదలైంది. తెర మీద పూలు, గుండెలు, చప్పట్లు ఎగిరాయి. 'అక్కా నమస్తే', 'అక్కా మా ఆవిడ ఏడుస్తూ చదివింది', 'అక్కా చీర అదిరింది.' ఆ చివరిది చూసి అత్తగారు లోపలిగదిలోంచి బొటనవేలు ఎత్తి చూపింది. రచయిత్రి సమీక్ష తీసి మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదివింది. ఎక్కడా గొంతు మార్చలేదు. ఎకసెక్కం చెయ్యలేదు.

పూలు ఆగిపోయాయి. 'అక్కా ఇదేంటి?' అన్నారెవరో. 'అక్క ఎకౌంటు ఎవరో కొట్టేశారు' అన్నారింకెవరో. చూస్తున్నవాళ్ళ అంకె జారడం మొదలుపెట్టింది.

"ఇది చదివిన రోజు నాకు కోపం వచ్చింది" అంది రచయిత్రి. "కోపం ఎందుకొచ్చిందంటే, ఆవిడ చెప్పింది నిజం. నాకు పెద్దక్క అంటే పడలేదు. పడని మనిషి గురించి రాయడం కష్టం, అందుకని తలుపు వేసేసి ఊరుకున్నాను. ఆవిడ అది పట్టేసుకుంది. మీరు వెక్కిరిస్తే గుండె బొమ్మ నొక్కింది నేనే. నేను నొక్కబట్టే మీరంతా ఎగబడ్డారు. కొనని మొక్కలు చచ్చిపోయాయని రాశారు. అవి ఇవాళే తీసేయండి. తీయనివాళ్ళు నా పుస్తకం చదవకపోయినా నాకేం ఫర్వాలేదు."

వ్యాఖ్యలు ఒక్కటీ లేవు. అంకె ఇంకా జారింది. ఇంతలో తెరలో ఒక పక్కనుంచి అత్తగారి మొహం దూరింది.

"నమస్కారమండీ. గాడిద బొమ్మ పెట్టింది నేనే. పొద్దుటినుంచి తీసేద్దామని చూస్తున్నా, ఎక్కడ నొక్కినా ఇంకో గాడిద వస్తోంది. ఎలా తీయాలో ఎవరైనా కాస్త చెప్పండి."

నవ్వులు తెర నిండా వరదెత్తాయి. 'పిన్నిగారూ, బొమ్మ మీద వేలు పెట్టి అలాగే ఉంచండి!' 'అమ్మమ్మా, గట్టిగా నొక్కండి!' పదిమంది పది రకాలుగా చెప్పారు. అత్తగారు అందరికీ జవాబులిచ్చింది. ఆ సందట్లో ఎవరిదో ఒక మాట మెల్లిగా పైకి వచ్చింది.

'మా అక్క ఒకసారి నాకు నిజంగానే తలుపు తీయలేదు. ఎందుకని ఇంతవరకూ అడగలేదు.'

రచయిత్రి దాన్ని పైకి చదివింది. దాని వెనకే ఇంకోటి. 'నేను తియ్యలేదు. లోపల మా నాన్న మంచం పట్టి ఉన్నాడు. తమ్ముడు వస్తే మళ్ళీ గొడవని.' ఇంకోటి. 'నేను తలుపుకి ఇవతల కూర్చుని చప్పుడాగేదాకా చెవులు మూసుకున్నాను.' ఎవరో వాళ్ళతో గొడవపడ్డారు. 'ఏమైనా సరే, వానలో నిలబెడతారా?' దానికి ఇంకెవరో ఎదురు చెప్పారు. జారిపోయిన అంకె ఎప్పుడు మళ్ళీ ఎక్కడం మొదలుపెట్టిందో ఎవరూ చూడలేదు. చదవడానికి కూడా అందనంత వేగంగా మాటలు పరుగెడుతున్నాయి. రచయిత్రి "ఆగండి, ఆగండి, ఆ ముందుదేమన్నారు?" అంటూ తెరమీదకు వంగిపోయింది. వాన ఘట్టం చదవాలన్న మాట ఆమెకూ గుర్తులేదు, వాళ్ళకూ గుర్తులేదు.

చివర్లో కెప్టెన్ పేరు కనపడింది. "మా ఇంట్లో తలుపు తీయని పెద్దోణ్ణి నేనే అక్కా" అని ఒక్క ముక్క రాశాడు. ఇంకేమీ రాయలేదు. ఆ రాత్రికల్లా నర్సరీ పేజీలో అతని రాత కనపడలేదు. మరో రెండు రోజుల్లో చాలామందివి పోయాయి. అన్నీ పోలేదు. కొందరు అలిగి 'చత్వారం' వదిలేసి వెళ్ళారు. పదివేలలో ఒక సున్నా తగ్గినంత దిగులుగా అత్తగారు ఫోను బల్లమీద బోర్లించింది.

*

రచయిత్రి మూడు పొద్దుటిపూటలు కూర్చుని ఆ అధ్యాయం రాసింది. పాలు రెండుసార్లు పొంగిపోయాయి. రాసినదాన్ని పేజీలో పెట్టలేదు, కెప్టెన్‌కి పంపలేదు, అత్తగారికి కూడా చూపించలేదు. ముందు ఆ కాగితాలు నర్సరీకి పంపింది. పంపినప్పటినుంచీ కాలుగాలిన పిల్లిలా తిరిగింది.

జవాబు వచ్చేసరికి షాపులో పరీక్ష కుర్చీలో ఒక పెద్దాయన కూర్చుని ఉన్నాడు. ఆయన ముక్కు మీద బరువైన పరీక్ష ఫ్రేము పెట్టి, అద్దాలు ఒకటి తీసి ఇంకొకటి వేస్తూ, "ఇప్పుడు నయమా, ఇందాకటిది నయమా?" అని అడుగుతోంది. జేబులో ఫోను మోగింది. ఆగలేకపోయింది.

"ఒక్క నిమిషం సార్, తల కదపకండి."

"చదివాను" అని ఉంది. "మొదటి రెండు పేజీలూ మీరు నాకు క్షమాపణ చెబుతున్నారు. పెద్దక్క ఎక్కడా లేదు. తీసేయండి. మూడో పేజీలో ఆవిడ గడియ మీద చెయ్యి వేసి, వేళ్ళకున్న పిండి దానికి అంటుకుందని కొంగుతో తుడిచింది చూశారా, అక్కడ నా ఊపిరి ఆగింది. అక్కణ్ణించి మొదలుపెట్టండి. చివర మళ్ళీ ఆ వానెందుకు? నక్షత్రాల సంగతి తిరగరాశాక చూద్దాం. మా తమ్ముడు చదువుతానని లాక్కుపోయాడు, ఇంకా తిరిగివ్వలేదు."

రచయిత్రి గోడకు ఆనుకుని ఇంకోసారి చదివింది. మూడో పేజీ! రాసేటప్పుడు తనూ అక్కడే ఆగి మళ్ళీ చదువుకుంది. మిగిలినదంతా ఎలా కొట్టేయాలో, చివర ఏం రావాలో, అన్నీ ఒక్కసారిగా తోసుకొస్తున్నాయి. నవ్వు ఆపుకోలేక చేతిలోని అద్దాన్ని తుడిచిందే మళ్ళీ తుడిచింది.

"ఏమ్మా, మంచి కబురా?" తల కదపకుండానే పెద్దాయన అడిగాడు.

"చాలా మంచి కబురండీ" అంది రచయిత్రి. "రెండు పేజీలు కొట్టేయమన్నారు!"